కూతురు కట్టించిన చైనా మండపం

ఎనభైల మొదట్లో మేం మిషిగన్ నుంచి కాలిఫోర్నియా వెళ్లినప్పుడు, ఒక ఊరి పార్కులో కొత్తగా కట్టిన చైనా మండపం చూశాం. పీకింగ్‌లో చక్రవర్తుల తోటలోని పాత మండపంలాగే కట్టారట. ఎర్రటి స్తంభాలు, పైకి తిరిగిన చూరు, ముందొక కొలను, దాని చుట్టూ వెదురు మొక్కలు.

లోపల బెంచీ మీద డెబ్భై దాటిన చైనా ఆవిడ కూర్చుని ఉంది. "చాలా బాగుంది కదా" అన్నాను ఇంగ్లీషులో.

"ఏం బాగు? చూరు బరువుగా ఉంది. కొలను ఇరుకు. మా అమ్మాయే డిజైన్ చేసింది" అందావిడ.

మా ఆయన తెలుగులో గొణిగారు. "సొంత కూతురి డిజైన్‌కి ఇన్ని కామెంట్లేంటి?"

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నేను ఎంబీబీఎస్ పాసైన రోజు, ఇంటికొచ్చిన వాళ్లతో "దానికి అన్నం వార్చడం కూడా రాదు" అంది. అదే ఆవిడకి చెప్పి, "ఎదురుగా పొగిడితే పిల్లలకి దిష్టి తగులుతుందంటారు మావాళ్లు" అన్నాను.

ఆవిడ నవ్వింది. కూతురు కొలను అవతల ఎవరితోనో మాట్లాడుతోందని చూసుకుని, నా వైపు వంగింది.

"నా చిన్నప్పుడు ఆ తోటలోకి మాలాంటి వాళ్లని రానిచ్చేవాళ్లు కాదు. గోడ బయటి నుంచి చూరు కొసలే కనిపించేవి. ఇప్పుడు అలాంటి చూరు కింద కూర్చున్నాను. మా అమ్మాయి కూర్చోబెట్టింది."

అంతలో కూతురు వచ్చింది. "ఆ వెదుర్లు మరీ దగ్గరగా నాటించావు" అంటూ తల్లి గొంతు పెంచింది.

కూతురు నాకేసి చూసి నవ్వింది. "ప్రతి ఆదివారం ఇక్కడికే తీసుకురమ్మంటుంది. తీసుకొస్తే ఇదిగో, ఇలా తిడుతుంది."