రాయి లేని నొప్పి

ఎడమ డొక్కలో నొప్పి మొదటిసారి వచ్చినప్పుడు నేను డుంబ్రిగుడ బడిలో పాఠం చెబుతున్నాను. బల్ల పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. సాయంత్రం మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. దగ్గరి ఆస్పత్రిలో నర్సమ్మ, "నెలసరేమో చూసుకున్నారా?" అని అడిగింది. కాదన్నాను. అయితే కిడ్నీలో రాయి అన్నారు. నాలుగు రోజుల్లో తగ్గిపోయింది.

రెండేళ్లలో అలా ఐదారుసార్లు వచ్చింది. రాయి పడిపోయిందన్నారు, మళ్లీ పుట్టిందన్నారు. ఆ రాయిని చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. నొప్పి వచ్చినప్పుడల్లా బిళ్ల వేసుకునేదాన్ని. బడిలో మరుగుదొడ్డి ఇబ్బంది కాబట్టి నీళ్లు తక్కువ తాగేదాన్ని.

ఒకసారి రక్తం గడ్డలుగా పడేసరికి అమ్మ భయపడింది. "బేగి పెద్దాసుపత్రికి ఎల్దాం" అని విశాఖ తీసుకెళ్లింది. స్కానింగులో రాయి లేదు, కణితీ లేదు. డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి మాది ఏ ఊరని అడిగింది.

"మీ ఇంట్లో ఎవరికైనా చిన్నప్పటినుంచీ రక్తం తక్కువ, ఒళ్లు నొప్పులు ఉండేవా?"

అమ్మే జవాబిచ్చింది. "దీనికి ముందు నాకొక ఆడగుంట పుట్టిందమ్మా. సేతులూ కాళ్లూ వాసిపోయి ఏడిసేది. ఆరేళ్లకే పోయింది. అమ్మోరు కోపమన్నారు."

పరాయి మనిషి ముందు అమ్మ మా అక్క ఊసెత్తడం అదే మొదలు.

రక్తపరీక్షలో సికిల్ సెల్ అని తేలింది. మా మన్యం ఊళ్లలో తరతరాలుగా వచ్చే రక్తజబ్బట. నాకున్నది సగమేనట, అమ్మానాన్నల్లో ఒకరి నుంచే వచ్చింది. అక్కకు బహుశా ఇద్దరి నుంచీ వచ్చి ఉంటుంది. ఆ రక్తకణాలు కిడ్నీ లోపల కొడవలిలా వంగి దారి మూసేస్తాయని, అక్కడి కండ కొంచెం కొంచెంగా చచ్చిపోతుందని, నొప్పీ రక్తమూ అందువల్లేనని డాక్టరమ్మ చెప్పింది. నొప్పి బిళ్లలు మానేసి నీళ్లు బాగా తాగమంది.

ఊరికి తిరిగొచ్చే బస్సు ఘాటీ ఎక్కుతుండగా అమ్మ అడిగింది.

"అయితే మీ అక్కది అమ్మోరు కోపం కాదన్నమాట."

"కాదమ్మా."

"మరి నా రగతమేనేటి దాన్ని సంపింది?"

"నీ ఒక్కదానిదే కాదమ్మా. నాన్నదీ కలిసింది. మీ ఇద్దరికీ తెలీదు కదా."

అమ్మ కిటికీ వైపు తిరిగింది.

నొప్పి నాకు పూర్తిగా పోలేదు, బాగా తగ్గింది. కిందటేడు తమ్ముడికి సంబంధం వచ్చినప్పుడు, పిల్ల తరఫువాళ్లను కూర్చోబెట్టి రక్తపరీక్ష మాట ఎత్తింది అమ్మే. వాళ్లు నొచ్చుకున్నారు. "మా గుంటడికీ సేయిస్తాం. ముందు మాదే సూడండి" అంది. తమ్ముడికి నాలాగే సగం ఉంది. ఆ అమ్మాయికి లేదు. పెళ్లి జరిగింది.