అమ్మకు మొదలు, పీరుకు కొస

బజారులో ఎవరైనా ఊదు పొగ వేస్తూ దుకాణం దుకాణానికీ తిరుగుతుంటే ఈ వయసులో కూడా నా కాళ్ళు ఆగిపోతాయి. ధర్మవరం పక్కన మా ఊళ్ళో, మా తాత నారాయణప్ప పొద్దున్నే మగ్గం గుంటలోకి దిగేముందు ఇల్లంతా తిప్పే పొగ వాసన అది. ఇప్పుడు వాసనలను కూడా మీవి, మావి అని వాటాలు వేసే పెద్దమనుషులు తయారయ్యారు. వాళ్ళ వాటాలకు లొంగని మనిషి ఒకడుండేవాడని చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

మా ఊరికి వాన చుట్టపుచూపుగా వచ్చేది. ఆషాఢం గాలి ఎర్రదుమ్మును ఎత్తుకొచ్చి పళ్ళెంలోని సంగటి ముద్ద మీద కూడా చల్లేది. చెనక్కాయ చేలు ఊడలు దిగే వేళకు ఎండిపోయిన ఏడు, వీధికి సగం ఇళ్ళు తాళాలేసుకుని బెంగళూరు కూలిపనులకు పోయేవి. మేం మాత్రం మగ్గం చప్పుడు వింటూ, వసారాలో గచ్చకాయలాడుకుంటూ, అవ్వ కండెలు చుట్టే రాట్నం పక్కన నిద్రపోతూ పెరిగాం. తాత మాటకారి కాదు, కోపిష్టి అంతకన్నా కాదు. ఊరిబిండి పచ్చడిలో కారం తగ్గితే మాత్రం ముద్దను పళ్ళెం అంచుకు నెట్టి గోడవైపు చూస్తూ కూర్చునేవాడు.

ఉగాదికి ముందు ఆయన కుంకుమరంగు పడుగు ఒకటి మగ్గానికి ఎక్కించేవాడు. ఆ పడుగు మీద మొదట నేసేది మా కులదేవత చౌడమ్మకు చీర. అది కోసేదాకా తలకు పోసుకుని, తడిపంచెతోనే గుంటలో దిగేవాడు, ఒంటిపూట తినేవాడు. తాగడానికి నీళ్ళు కరువైన ఏడు కూడా ఆ స్నానం మానలేదు. తర్వాత అదే పడుగు మీద షావుకారు చీరలు నేసి, చీరకు చాలని కొస మిగిలితే అందులో ఆకుపచ్చ పేక వేసి, పీర్ల పండగలో పీరుకు కట్టే దట్టీ నేసేవాడు. అమ్మకు మొదలు, పీరుకు కొస. అది వాళ్ళ నాయన చేసినాడు, ఆయన నాయన చేసినాడు, ఈయనా చేశాడు.

ఇంకొకటి కూడా ఉంది. కొత్త పడుగు పోగులను పాత పోగులకు ఒక్కొక్కటే అతికే పని మా ఇంట్లో ఆడవాళ్ళది. ముడి వేయకూడదు, వేళ్ళకు బూడిద రాసుకుని మెలిపెట్టాలి. మేం వాడింది పీర్ల పండగకు నిప్పులు వేసే గుండంలోని బూడిద. పండగ మర్నాడు తాత దాన్ని దోసిలితో ఎత్తి, జల్లించి, గూట్లో దాచేవాడు. చౌడమ్మ చీరకు పోగులు అతుకుతూ నేనొకసారి అడిగాను.

“ఆయమ్మకు కోపం రాదా తాతా?”

“ఆయమ్మకు చీర కావల్ల. తగువు మనుషులకు కావల్ల,” అన్నాడు, పోగుల మీంచి తల ఎత్తకుండానే.

పీర్ల పండగంటే మాకు మలీదా. రొట్టెలు, బెల్లం కలిపి దంచిన ఆ ముద్దల కోసం మేం పీర్లను నిలిపే మకానం గడప వదిలేవాళ్ళం కాదు. పీరునెత్తే ముజావరు మాబుసాబు మాకు మాబు తాత. మా ఇంట్లో ఉగాదికి ఓళిగలు చేస్తే మొదటి ఆకు ఆయనకే పోయేది. తాత నేసిన దట్టీని ఆయన కళ్ళకద్దుకుని పీరుకు కట్టేవాడు. దీన్ని ఇప్పుడు మతసామరస్యం అంటున్నారు. మా ఊళ్ళో దానికి పేరే లేదు, అవసరం రాలేదు.

నేను హైస్కూల్లో ఉండగా గుడికి కొత్త కమిటీ వచ్చింది. చీర తెచ్చిన తాతను నిలబెట్టి కమిటీ పెద్ద అడిగాడు, “ఏమప్పా, అమ్మ చీరకు వాడింది యాడి బూడిద?”

అబద్ధం చెబితే సరిపోయేది. తాతకు అది చేతకాదు. “పీర్ల గుండంలోదేనప్పా. మీ నాయన కాలంలోనూ అదే,” అన్నాడు.

చీర అంటుపడిందన్నారు. పూలపళ్ళెంతో సహా వెనక్కి పంపారు. తడిపంచెతో, ఒంటిపూట తిండితో నేసిన చీర అది. ఆ ఉగాదికి చౌడమ్మకు ప్లాస్టిక్ కవరులోంచి తీసిన మరమగ్గం చీర కట్టారు. ఆ ఏడే ఎవరో పైఊరివాళ్ళొచ్చి, బొమ్మలకు చీరలు నేసే చేత్తో నేసిన గుడ్డ పీరుకు కట్టకూడదని మాబు తాతకు బుద్ధులు చెప్పారు. వీళ్ళకూ వాళ్ళకూ మాటల్లేవు గానీ, మా తాత చేతిని కాదనడంలో మాత్రం ఒక్కటయ్యారు. నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది.

తాత అరవలేదు. చీరను పెట్టెలో పెట్టి, నెల తిరక్కముందే మాబు తాత కూతురి నిఖాకు తీసుకుపోయాడు. అవ్వ తలుపుకు అడ్డం నిలబడింది.

“అమ్మకని నేసింది గదా, ఇయ్యొచ్చునా?”

“ఆడబిడ్డ కట్టుకుంటే ఆయమ్మ కట్టుకున్నట్లే. జరుగు.”

ఆ తర్వాత ఆయన షావుకార్లకే నేశాడు. కుంకుమరంగు పడుగు మళ్ళీ మా మగ్గానికి ఎక్కలేదు. ఇప్పుడు తాతా లేడు, మాబు తాతా లేడు. మకానానికి తాళం. మగ్గం గుంటను మట్టితో పూడ్చి బండలు పరిచేశారు.

పోయిన వారం గుడి కమిటీ కుర్రవాడొకడు అనంతపురంలో మా ఇంటికి వచ్చాడు. మర్యాద తెలిసినవాడే. అమ్మవారికి తరతరాలుగా చీరలు నేసిన భక్తుడని గుడి మంటపంలో తాత పటం పెడతారట. వెనక్కి పంపిన చీర మాట అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. తాతకు ఉన్నది ఒక్కటే ఫోటో. మకానం ముందు తాతా, మాబు తాతా దట్టీని చెరో కొస పట్టుకుని విప్పి చూపిస్తున్నది. తెచ్చి ఇచ్చాను. కాసేపు చూశాడు.

“పక్కనుండే ఆయన్ని తీసేస్తామక్కా. ఫోన్లోనే అయిపోతాది.”

“తీసేస్తే ఆ కొస ఎవరు పట్టుకుంటారప్పా?” అని అడిగాను.

అతను ఫోటోలోకి మళ్ళీ చూశాడు. నేను చెయ్యి చాచి ఫోటో తీసుకున్నాను.