కార్ఖానా ఇంటి రైలింగ్

మింగలేక, కక్కలేక ఆరేళ్ళుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరిగాను. ఇప్పటిదాకా ఒక్క మనిషికే చెప్పాను. రెండోవారు మీరు. నా పేరు మాత్రం రాయను. అది కూడా భయమే అనుకోండి.

మాది రాంగోపాల్‌పేట్‌లో చిన్న పుస్తకాల దుకాణం. మా మామగారు గుంటూరు నుంచి వచ్చి పెట్టారు. పెళ్ళయిన దగ్గర్నుంచి నేను ఆ కౌంటర్ వెనకే ఉన్నాను. నాదంటూ ఒకటి ఉండాలని కోరిక. చిన్న ఇల్లు కొని అద్దెకివ్వడం ఎలా, పాత ఇంట్లో ముందుగా ఏం చూసుకోవాలి, ఇలాంటి వీడియోలన్నీ ఫోన్లో చూసేదాన్ని. ఆదివారాలు ఒక్కదాన్నే బస్సెక్కి, గేట్లకు కట్టిన బోర్డులు చదువుకుంటూ తిరిగేదాన్ని. చివరికి కార్ఖానా అనే పేటలో ఒక సందులో దొరికింది. కింది ఇల్లు వేరేవాళ్ళది. పైన రెండు గదులు, ముందు బాల్కనీ.

మావారు ఒకసారి వచ్చి చూసి, "పాత కొంప. తలనొప్పి కొనుక్కుంటున్నావు" అన్నారు. నేను వినలేదు. మా అమ్మ పెట్టిన బంగారం అమ్మి, మిగతాది లోను తీసుకుని కొన్నాను.

రంగులు వేయడానికి వచ్చిన మేస్త్రీ బాల్కనీ రైలింగ్ పట్టుకుని ఊపి చూశాడు. నన్ను పిలిచి, కింద కూర్చుని చూపించాడు. ఇనుప కడ్డీలు సిమెంటులోకి దిగే చోట తుప్పు. గోటితో గీరితే పొరలు రాలుతున్నాయి.

"కొత్తది పెట్టియ్యాలె అమ్మా. గిట్ల ఇడిచిపెడితే ఎవరన్న పడ్తరు."

ఈ మాట నేను స్పష్టంగా విన్నాను. వినలేదని ఎన్నిసార్లో నాకు నేను చెప్పుకున్నాను కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

వెల్డింగ్ షాపువాళ్ళు పది రోజులు పడుతుందన్నారు. ఆ ఆదివారమే స్టెల్లా వాళ్ళు ఇంట్లో దిగాలి. నా మొదటి కిరాయిదారులు. స్టెల్లా ఒక స్కూల్లో టీచరు. ఆమె భర్త ప్రభాకర్ బండి మీద తిరిగి పార్సిళ్ళు అందించే పని చేసేవాడు. ఆగమంటే వేరే ఇల్లు చూసుకుంటారేమోనని భయపడ్డాను. నిజంగా అదేనా నా భయం? వాళ్ళు పోతే ఇంకొకరు వచ్చేవారు కదా. ఇల్లు ఖాళీగా పడి ఉంటే "నేను ముందే చెప్పాను" అని మావారు అంటారు, ఆ ఒక్క మాట పడటం ఇష్టం లేక, ముక్కూ మొహం సరిగా తెలియని ఇద్దరు మనుషుల్ని ఆ బాల్కనీ మీద నిలబెట్టాను.

"ఇప్పటికి సిమెంటు పూసి రంగు వేసెయ్" అన్నాను మేస్త్రీతో. అతను నా వైపు ఒకసారి చూసి పని మొదలుపెట్టాడు. సాయంత్రానికి రైలింగ్ ఆకుపచ్చగా, కొత్తదానిలా ఉంది.

తర్వాత మార్పిద్దామనే అనుకున్నాను. వచ్చే నెల అనుకున్నాను. వానలు తగ్గాక అనుకున్నాను. ఏడు నెలలు గడిచాయి.

ఒకరోజు పొద్దున్నే కింది ఇంటివాళ్ళు ఫోన్ చేశారు. కూరగాయల బండిని ఆపడానికి ప్రభాకర్ రైలింగ్ మీద చెయ్యి వేసి ముందుకు వంగి కేక వేశాడట. రైలింగ్‌తో సహా సందులో పడ్డాడు.

నేను తిన్నగా ఆస్పత్రికి వెళ్ళలేదు. ఇది రాయడం అన్నిటికంటే కష్టంగా ఉంది. ముందు కార్ఖానా వెళ్ళాను. విరిగిన రైలింగ్ గోడ పక్కన పడి ఉంది. ఎవరైనా దాని చివరలు చూస్తే? పోలీసులు వస్తే? పాత ఇనుము కొనేవాణ్ణి పిలిచి బండికెక్కించి పంపించాను. ఆ తర్వాతే ఆస్పత్రికి వెళ్ళాను.

స్టెల్లా ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది. కాళ్ళకు చెప్పులు లేవు. నన్ను చూసి లేచింది.

"అక్కా, మా అత్తమ్మ వచ్చి పోయింది కదా. దుప్పట్లన్ని ఉతికి తడివి తడివే రైలింగ్ మీద ఏసిన. దానికే ఊడిందా?"

ఆమె అడుగుతోంది. తుప్పు అని నేను చెప్పాలి. రెండు అక్షరాలు.

"అంత బరువు వేస్తే అది మాత్రం ఎలా ఆగుతుంది స్టెల్లా?" అన్నాను.

ఆమె గోడకు తల ఆనించుకుంది. "నేనే పడేసిన ఆయన్ని" అంది.

ప్రభాకర్ బతికాడు. తుంటి ఎముక అతికింది గానీ కాలు మునుపటిలా రాలేదు. బండి నడపడం మానేశాడు. ఇల్లు ఖాళీ చేసే రోజు స్టెల్లా మా దుకాణానికి వచ్చి, మీ ఇల్లు పాడు చేశాం, మనసులో పెట్టుకోవద్దని మావారితో చెప్పింది. "మనిషి దక్కాడు, అదే చాలమ్మా" అన్నారాయన. నేను పక్కనే నిలబడి అట్టలు సర్దుతున్నాను.

ఆ తర్వాత ఇంకో ఇల్లు కూడా కొన్నాను. మావారు నన్ను నలుగురిలో మెచ్చుకుంటారు. కిరాయిదారుల ఫోన్ మాత్రం రెండోసారి మోగేదాకా తీయను. ఒకసారి మార్కెట్లో మేస్త్రీ ఎదురై "బాగున్నరా అమ్మా?" అన్నాడు. అంతే. కూరలు కొనకుండానే ఇంటికి వచ్చేశాను.

ఈమధ్య ఒక మధ్యాహ్నం స్టెల్లా నోటు బుక్కుల కోసం దుకాణానికి వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. ఇప్పుడు కాప్రాలో, మేడ లేని కింది అంతస్తు ఇంట్లో ఉంటున్నారట. ప్రభాకర్ కూర్చుని చేసే పనేదో చేస్తున్నాడట. దారిలో కొన్న మందుల సంచీ చేతిలో ఉంది.

"ఆయన ఒక్కనాడు గూడ నన్ను ఏమనలే అక్కా. అదే నాకు బాధ" అంది.

మావారు లోపల భోంచేస్తున్నారు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేననిపించింది. చెప్పాను. మేస్త్రీ మాట, తుప్పు, రంగు, పాత ఇనుము బండి. ఏదీ వదిలిపెట్టలేదు.

ఆమె నోటు బుక్కులు కౌంటర్ మీద పెట్టి అడిగింది.

"ఆస్పత్రిల నేను అడిగినప్పుడు మీకు తెలుసా?"

"తెలుసు."

నోటు బుక్కులు కౌంటర్ మీదే వదిలేసి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు, ఫోన్ చేయలేదు. ఆమె ఎందుకు అలా వెళ్ళిందని మావారు అడిగారు. ఇంకా చెప్పలేదు. దుకాణం ముందు ఏ బండి ఆగినా ప్రభాకర్ వచ్చాడేమో, పోలీసులు వచ్చారేమో అని తలెత్తి చూస్తాను. క్షమించమని ఆమెను అడగలేదు. ఏ మొహంతో అడగను?

కానీ ఒకటి నిజం. "తెలుసు" అన్నాక, ఆమె మెట్లు దిగి కనుమరుగయ్యాక, స్టూలు మీద కూలబడితే, ఆరేళ్ళలో మొదటిసారి ఊపిరి గుండె నిండా పీల్చుకున్నాను. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.