లెటర్‌లో లేని కుర్చీ

ఈ రోజు మా బాపును డయాలసిస్ కోసం గోదావరిఖని నుంచి కరీంనగర్ తీసుకెళ్ళాను. బాపు ముప్పై ఏళ్ళు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. అందుకే వైద్యం ఖర్చు గని కంపెనీయే కడుతుంది, ఆసుపత్రికి లెటర్ రాసిస్తుంది. ఒకసారి గని పైకప్పు కూలి నడుము దెబ్బతినడంతో వెల్లకిలా పడుకోలేడు. అది తెలిసిన నర్సు మంచానికి బదులు వెనక్కి వాలే కుర్చీలో కూర్చోబెట్టింది. సూదులు పెట్టి మిషన్ మొదలుపెట్టింది. ఇక నాలుగు గంటలు కదలడానికి లేదు. సరిగ్గా అప్పుడే బిల్లు కౌంటర్ అతను వచ్చాడు.

"కంపెనీ లెటర్ల బెడ్ అనే ఉంది అక్కా. కుర్చీకైతే పైసలు మీరే కట్టాలె. లేకుంటే బెడ్ మీదికి మారున్రి."

"సూదులు పెట్టినంక ఎట్ల మారుతడన్నా?"

"నేనేం చెయ్యాలె? కంపెనోళ్ళు బిల్లు వాపస్ పంపుతరు."

నా దగ్గర బస్సు ఛార్జీలే ఉన్నాయి. నర్సు మీట నొక్కి కుర్చీని పూర్తిగా వాల్చేసింది.

"ఇగో, బెడ్ అయింది. రాస్కో."

అతను నిజంగానే రాసుకుని వెళ్ళిపోయాడు. నాకు నవ్వొచ్చింది. బాపు పళ్ళు బిగబట్టి ఉండడం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. నర్సు వెంటనే కుర్చీని లేపబోయింది. బాపు వద్దన్నాడు.

"ఉండనియ్యి బిడ్డా. ఆయన మళ్ళొస్తే నీ నౌకరి మీదికొస్తది."

నాలుగు గంటలూ అలాగే పడుకున్నాడు. ఎల్లుండి మళ్ళీ వెళ్ళాలి. కుర్చీ అని రాసిన లెటర్ ఏ ఆఫీసులో ఇస్తారో, మీలో ఎవరికైనా తెలిస్తే కాస్త చెప్పండి.