రాజేశం సార్‌ని బెంచీ మీద కూర్చోబెట్టిన రోజు

మనిషి పరువు పోవడానికి ఎంతసేపు పడుతుందని ఎవరైనా అడిగితే, డెబ్బై నిమిషాలని ధైర్యంగా చెప్పండి. ముప్పై అయిదు ఒక హాఫ్, ముప్పై అయిదు ఇంకో హాఫ్. మధ్యలో నిమ్మకాయ నీళ్ల విరామం లెక్కలోకి రాదు. ఆ కాసేపు పరువు పోదు, ఊరికే వేలాడుతూ ఉంటుంది. నా పరువు సిరిసిల్ల మైదానంలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, కొన్ని వందల మంది చప్పట్లు కొడుతుండగా పోయింది. చప్పట్లు ఎందుకో చివర్లో చెబుతాను. ఇప్పుడే చెబితే మీరు నవ్వేసి వెళ్లిపోతారు.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. కోరుట్ల బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు. కాగితం పెట్టడం, తీయడం, అంతే పని. చేతికి పని ఉంటే నోరు ఖాళీగా ఉంటుంది కదా, ఆ నోటికి ఫుట్‌బాల్ దొరికింది. ఫోన్లో విదేశీ మ్యాచ్‌లు చూసి చూసి, ఆధార్ కార్డు పట్టుకొచ్చిన ముసలమ్మకు కూడా ఎడమవైపు బ్యాక్ ఎప్పుడు పైకి పోవాలో బోధించేవాణ్ణి. ఆమె ఓపిగ్గా విని, "అట్లనా కొడుకా! సరేగని రెండు దిక్కుల తియ్యి" అనేది.

ఒక్క విషయం దాచకూడదు. నేను ఎన్నడూ ఆడలేదు. చిన్నప్పుడు ఒకసారి బంతిని తన్నబోతే చెప్పు వెళ్లి పక్కింటి పెంకుల మీద పడింది. అదే మొదలు, అదే ముగింపు.

మా ఊళ్లో ఒక జట్టు ఉండేది. దాన్ని నడిపేది రాజేశం సార్. బడిలో పీటీ సారుగా చేసి రిటైరయ్యాడు. తెల్ల టోపీ, మెడలో విజిల్, జేబులో చిన్న నోటుబుక్కు. మాటలు మాత్రం మందు చుక్కల్లా పడేవి, అది కూడా అవసరమైతేనే. ఆయన జట్టును వాడే తీరు చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

ముందు గంగాధర్ సంగతి. బుగ్గారం వైపు పిల్లవాడు, ఇరవై రెండేళ్లు. మేత పట్టుకున్న మనిషి వెంట మేకపిల్ల నడిచినట్టు బంతి వాడి కాలి వెంట నడిచేది. అలాంటివాణ్ణి సార్ బెంచీ మీద కూర్చోబెట్టి, చివరి పావుగంటలో దించేవాడు. బిర్యానీ మూత పెట్టేసి, అందరికీ పెరుగన్నం వడ్డించి, చెయ్యి కడుక్కునే ముందు ఒక ముద్ద రుచి చూపించినట్టు!

ఇక సత్తన్న. మస్కట్‌లో చాలా ఏళ్లు పనిచేసి, అక్కడ తిన్న అన్నమంతా పొట్టలో భద్రంగా ఇంటికి తెచ్చుకున్న మనిషి. నలభై దాటాయి. సార్ ఆయన్ని మా గోల్ ముందు, గోలీకి కాస్త ఇవతల బ్యాక్‌గా నిలబెట్టేవాడు. సత్తన్న పరుగెత్తడు. నడుం మీద చేతులు పెట్టుకుని, "అరేయ్ ఎడమకు! అరేయ్ ఎన్కకు!" అని అరుస్తూ ఉంటాడు. అరవడానికైతే నేను లేనూ?

శ్రీను, వేణు అని బావాబామ్మర్దులు ఇంకో ఇద్దరు. ఇద్దరూ గట్టి ఆటగాళ్లే. కలిపి ఆడిస్తే మంటలు పుట్టాల్సినవాళ్లను ఒకణ్ణి ఎడమ అంచున, ఇంకొకణ్ణి కుడి అంచున, బట్టలారేసే తీగకు రెండు కొసల్లా కట్టేవాడు సార్.

జగిత్యాలలో సెమీఫైనల్ జరిగింది. అయిదు నిమిషాలుందనగా గంగాధర్ గోల్ కొట్టాడు. గెలిచాం. మా జట్టు ఫైనల్‌కు వెళ్లడం అదే మొదటిసారి. బుద్ధి ఉన్నవాడు అక్కడితో నోరు మూసుకుని మిఠాయి తినాలి. నేను నేరుగా సార్ దగ్గరికి వెళ్లాను.

"సార్, గంగాధర్‌కు వీసా అచ్చింది. ఫైనల్ అయిన వారానికే దుబాయ్ పోతుండు. ఒక్కటంటె ఒక్క మ్యాచ్ మొత్తం ఆడిచ్చిండ్రా మీరు?"

ఆటగాళ్లంతా నీళ్ల సీసాలు దించారు. సార్ కళ్లద్దాలు తుడుచుకుంటూ, "అయితె ఏం జెయ్యాలంటవ్?" అన్నాడు.

"మొదటి నుంచే దించాలె. శ్రీనును, వేణును ఒక్క దిక్కు ఆడియ్యాలె. సత్తన్నను కూసుండబెట్టాలె."

"నేను ఈడ్నే ఉన్న తమ్మీ" అన్నాడు సత్తన్న నా వెనక నుంచి.

"ఎన్క మాట్లాడుడు నాకు రాదన్నా. అందుకే ముంగటనే చెప్తున్న."

సార్ జేబులోంచి నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టాడు. "మంచిది. సిరిసిల్లల నువ్వే నడుపు."

"నేనా?"

"ఇన్నొద్దులు నోటితోని నడిపినవ్ గదా. ఇగ చేతితోని నడుపు."

వెనక్కి తగ్గాల్సింది. కానీ పన్నెండు మంది నన్నే చూస్తున్నారు. నోటుబుక్కును తాళపత్రంలా కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం తిరుగు బస్సెక్కేముందు గంగాధర్ నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, నేను ఆఖర్లనే దిగుత. ఎందుకంటె నాకు పొద్దుగాల..."

"ఊకో! నీ మంచితనమే నిన్ను ముంచుతుంది" అని వాడి నోరు మూశాను. వాడు ఇంకో రెండుసార్లు తెరవబోయాడు. రెండుసార్లూ మూశాను.

ఫైనల్ రోజు ఊరంతా పెళ్లి ముహూర్తాలు. వ్యానెక్కడానికి ఆటగాళ్లు పదమూడు మందే దొరికారు, అందులో సత్తన్న ఒకడు. ఆయన భార్య కూడా వచ్చింది. మైదానం దగ్గర దిగగానే సత్తన్న అడిగాడు.

"తమ్మీ, నన్నయితె ఆడియ్యవ్ గదా?"

"లేదన్నా."

"పక్కానా?"

"పక్కా."

"అయితె మీ వదినెను చీరల దుకాణం కాడికి తోల్కపోతున్న" అని ఆయన వెళ్లిపోయాడు. ఊరేగింపు పోయినంత నిదానంగా వెళ్లాడు. పీడ వదిలిందనుకున్నాను.

ఎదుటి జట్టు మరమగ్గాల మీద పనిచేసే కుర్రాళ్లు. రోజంతా నిలబడి పనిచేసే కాళ్లు. బంతి వాళ్ల మధ్య మగ్గంలో నాడెలా అటూ ఇటూ పోతుంటే నా మెడ నొప్పి పుట్టింది. అయినా ఎనిమిదో నిమిషంలో గంగాధర్ ముగ్గురిని దాటుకుని వెళ్లి గోల్ కొట్టేశాడు!

నేను గీత వెంట పరుగెత్తాను. ఎవరో ముక్కూ మొహం తెలియని పెద్దాయన్ని వాటేసుకున్నాను. తిరిగొచ్చి చూస్తే, రాజేశం సార్ బెంచీ మీద కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్నాడు.

"ఎట్లుంది సార్?" అన్నాను ఛాతీ విరుచుకుని.

"మంచిగున్నది. ఇంక శానసేపున్నది" అన్నాడు.

ఇరవయ్యో నిమిషంలో గంగాధర్ ఉన్నట్టుండి కూలబడ్డాడు. పరుగెత్తుకెళ్లి పట్టుకుంటే వాడి పిక్కలు రోలురాళ్లలా ఉన్నాయి.

"ఏమైందిరా?"

"పిక్కలు పట్టినయన్నా. పొద్దుగాల కల్లుకు తాటిచెట్లెక్కి అచ్చిన."

"ఫైనల్ నాడు గూడ ఎక్కుతార్రా?"

"నాయిన చెయ్యి ఇరిగింది గదా, నేనే ఎక్కాలె. పావుగంట అయితె ఉరుకుత. అంతకంటె ఎక్కువ ఉరికితె పిక్కలు పడతయ్. గదే చెప్తనంటె నువ్వు ఇంటివా?"

నేను సార్ వైపు చూశాను. ఆయన ఇంకో పల్లీ నోట్లో వేసుకున్నాడు.

మిగిలిన ఒకే ఒక్క ఆటగాణ్ణి గంగాధర్ బదులు దించాను. ఇక వెనక పరిస్థితి చూడండి. సత్తన్న అరుపులు లేకపోయేసరికి మావాళ్లు నలుగురూ ఒకే బంతి మీదికి పోతున్నారు, లేదంటే నలుగురూ వదిలేస్తున్నారు. పెద్దమనిషి లేని పంచాయితీలా తయారైంది. అరవడం తేలికనుకున్నాను కదా, నేనే గీత బయటి నుంచి, "ఎడమకు! ఎడమకు!" అని అరిచాను. నేను వాళ్లకు ఎదురుగా నిలబడ్డాను. నా ఎడమ వాళ్లకు కుడి. బంతి నింపాదిగా మా గోల్లోకి వెళ్లింది. ఇంకాసేపటికి ఇంకొకటి.

విరామంలో ఇద్దరు నా ముఖం చూడలేదు. మిగతావాళ్లు చూశారు, అది ఇంకా ఘోరం. అయినా నా దగ్గర అసలు ఎత్తు మిగిలే ఉంది. శ్రీనునూ వేణునూ ఇద్దర్నీ ఎడమవైపే దించాను.

అయిదు నిమిషాల్లోనే అవకాశం వచ్చింది. శ్రీను కాలి దగ్గర బంతి. గోల్ ముందు వేణు ఒక్కడే, అడ్డం ఎవరూ లేరు. శ్రీను తలెత్తి చూశాడు, వేణును గుర్తుపట్టాడు, బంతిని గీత బయటికి తన్నేశాడు.

"మీ బావకియ్యిరా!" అని గొంతు చించుకున్నాను.

"ఇయ్య!"

"ఎందుకియ్యవ్?"

"ఆని చెల్లె పెండ్లిల నల్లిబొక్కలన్ని ఆనోళ్లకేసి, నాకు ఉత్త షోర్వ పోసిండు!"

గోల్ ముందు నుంచి వేణు ఉరికి వచ్చాడు. "నల్లిబొక్కలు ఒడిసినయని ఎన్నిసార్లు చెప్పాల్రా నీకు?"

"ఒడిసినయా? మీ మామ ప్లేట్ల మూడు చూసిన!"

ఛాతీకి ఛాతీ తగిలింది. చెయ్యి కాలరు మీద పడింది. రెఫరీ విజిల్ ఊదుకుంటూ వచ్చి కాసేపు అయోమయంగా నిలబడ్డాడు. ఒకే జట్టువాళ్లు కొట్టుకుంటే ఏ వైపు ఫౌల్ ఇవ్వాలో పాపం ఆయనకు తెలియలేదు. చివరికి ఇద్దరికీ ఎర్రకార్డు చూపించాడు. సిరిసిల్ల జనం ఈలలు వేశారు. ఆ మూలుగ ఎముకల కోసం రెండేళ్లుగా వాళ్లిద్దరికీ మాటల్లేవని ఊళ్లో అందరికీ తెలుసట. జిరాక్స్ షాపుకు మాత్రం ఆ వార్త రాలేదు.

తొమ్మిది మందిమి మిగిలాం. మూడో గోల్ పడింది. ఆ వెంటనే మా బ్యాక్ ఒకడికి చీలమండ బెణికింది. ఎనిమిది మంది. సత్తన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, ఏడున్నవ్? జల్ది రా!"

"చీర బేరం ఇంకా తెగలే తమ్మీ."

"జట్టు మునుగుతుందన్నా!"

"నువ్వే గదా పక్కా అన్నవ్. ఆగు, మీ వదినె ఏందో అడుగుతుంది. నెమలిరంగు మంచిగుంటదా, ఆకుపచ్చ మంచిగుంటదా?"

చెబితే నమ్మరు, నేను ఒక్క క్షణం ఆలోచించి, "నెమలిరంగు" అన్నాను. సత్తన్న "షుక్రియా" అని ఫోన్ పెట్టేశాడు.

అప్పుడు రాజేశం సార్ పల్లీల పొట్టు దులుపుకుని లేచాడు. "లిస్టుల ఇంకొక పేరున్నది."

"ఎవరిది సార్?"

"నీదే. పేర్లు తక్కువ పడ్డయని నిన్న రాసిన."

వ్యానులో సత్తన్న జెర్సీ ఒక్కటే మిగిలింది. తొడుక్కుంటే దోమతెరలో దూరినట్టుంది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ఉత్త కాళ్లతో మా గోల్ ముందు నిలబడ్డాను. మా గోలీ మల్లేశ్ నన్ను చూసి చేతులు జోడించాడు. "అన్నా, నీకు దండం పెడత, నువ్వేం జెయ్యకు. ఊకె నిలబడు."

అలాగే నిలబడ్డాను, ఒట్టు. కానీ మూల నుంచి ఒక బంతి లేచి, తిరుగుతూ తిరుగుతూ, అంత జనంలో నన్నే వెతుక్కుంటూ వచ్చింది. ఫోన్లో చూసిన గొప్ప గొప్ప హెడర్లన్నీ కళ్ల ముందు మెరిశాయి. ఎగిరాను. అంత ఎత్తు ఎగరగలనని నాకే తెలియదు. నుదుటి మధ్యలో తగిలిన బంతి తుపాకీ గుండులా వెళ్లి వల పైమూలలో పడింది.

ఆ ఆనందం ఎలా చెప్పను! రెండు చేతులూ చాచి మూల జెండా దాకా పరుగెత్తాను. పదకొండు మంది వచ్చి నా మీద పడ్డారు. తల నిమిరారు, భుజాల మీదికి ఎత్తుకున్నారు. పైనుంచి చూస్తే నాకు ఒక చిన్న అనుమానం వచ్చింది. మావాళ్లు ఎనిమిది మందే కదా, పదకొండు మంది ఎక్కడి నుంచి వచ్చారు? వీళ్ల జెర్సీలు నీలంగా ఎందుకున్నాయి?

దూరంగా మల్లేశ్ నేల మీద కూర్చుని తల పట్టుకున్నాడు. "గా గోల్‌పోస్టు మనదన్నా!" అని అరిచాడు. ఏడుపో అరుపో ఇప్పటికీ తేల్చుకోలేను.

నాలుగు ఒకటితో ఓడిపోయాం. వెనక్కి వచ్చేటప్పుడు వేములవాడలో టీ కోసం ఆగాం. అప్పుడు సార్ పక్కన కూర్చుని, "గంగాధర్ సంగతి, నల్లిబొక్క సంగతి నాకు ముందే చెప్తె ఏమాయె సార్?" అన్నాను.

సార్ టీ ఊదుకున్నాడు. "నువ్వెన్నడన్న అడిగినవా? నీది చెప్పుడే గని అడుగుడు లేదాయె."

గంగాధర్ కుంటుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాడి ఒక్కడి ముఖంలోనే కోపం లేదు. "అన్నా, మొదటి ఈలకాడి నుంచి లోపల ఉండుడు ఇయ్యాలనే. జనగణమన గూడ అందర్లెక్క లైన్ల నిలబడి పాడిన. మంచిగనిపిచ్చింది" అన్నాడు. ఆ వారమే వాడు దుబాయ్ విమానం ఎక్కాడు. ఆ ఒక్క మాట కోసం నేను అదే తప్పు మళ్లీ చేసేవాణ్ణేమో. సత్తన్నను మాత్రం చీరల దుకాణానికి పోనిచ్చేవాణ్ణి కాదు.

చప్పట్ల సంగతి చెబుతానన్నాను కదా. బహుమతుల వేళ మైకులో ప్రకటించారు. "ఈ టోర్నమెంట్ల అందరికంటె మంచి గోల్! కమిటీ సభ్యులందరు ఒక్కటే పేరు చెప్పిండ్రు. సిరిసిల్ల తరఫున నాలుగో గోల్ కొట్టిన కోరుట్ల శేఖరన్న!"

వెళ్లకపోతే బాగుండదని ఇద్దరు నన్ను వేదిక మీదికి నెట్టారు. కప్పు ఇచ్చారు, శాలువా కప్పారు. సిరిసిల్ల కెప్టెన్ నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, కళ్లలో నిజమైన ప్రేమతో, "వచ్చేయేడు గూడ మీరే రావాలన్నా. వేరేటోళ్లను పంపకుండ్రి" అన్నాడు. ముందు వరసలో నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది రాజేశం సార్.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ. ఇంకొకరి జట్టును నేను నడపను. ఇంకొకరి ఆటగాణ్ణి నేను దించను. ప్రాణం పోయినా సరే, ఇక ఈ జన్మలో గోల్ కొట్టను. ఏ వైపూ.