ద్వారబంధం మీద గురి

మా ఆయన శ్యామ్‌కి వంకర అంటే పడదు. గోడ మీద క్యాలెండరు కాస్త ఒరిగినా, నా బొట్టు రవ్వంత పక్కకు జరిగినా చెప్పకుండా ఉండలేరు. నార్సింగిలో మేముంటున్న ఈ టవరు కడుతున్నప్పుడు ఆయన బిల్డరు దగ్గర క్వాలిటీ ఇంజనీరు. గోడలూ గుమ్మాలూ నిటారుగా ఉన్నాయో లేదో చూసి, కాగితం మీద సంతకం పెట్టడం ఉద్యోగం. తర్వాత ఇందులోనే పద్నాలుగో అంతస్తులో ఫ్లాటు కొన్నాం. వచ్చిన చుట్టాలందరికీ, "ఇక్కడ ప్రతి గుమ్మం నా చేతి మీదుగా వెళ్ళిందండి" అని చెప్పుకునేవారు. నేను కాఫీలు అందిస్తూ మురిసిపోయేదాన్ని.

మా అమ్మాయి రసజ్ఞకు పద్నాలుగేళ్ళు. ఎయిర్ రైఫిల్ అంటే ప్రాణం. ఊరి బయట ఒక క్లబ్బులో నేర్చుకుంటోంది. అక్కడ రకరకాల దూరాల్లో రెండు రూపాయల బిళ్ళంత ఇనుప రేకులు నిలబెట్టి కొట్టిస్తారు. ఈసారి మూడు ఆదివారాలు పోటీలు పెట్టి, మార్కులు కలిపి నలుగురిని జట్టులోకి తీసుకుంటామన్నారు. ఆ నలుగురిలో తనుండాలని దాని ఆశ. తింటున్నా పడుకున్నా అదే ధ్యాస.

దూరం రేకులు కనపడాలంటే రైఫిల్ మీద స్కోపు, అంటే చిన్న దుర్భిణి ఉండాలి. కోచ్ సురేష్ గారు బిగించి ఇస్తానన్నారు. ఈయన ఒప్పుకుంటేగా! "ఇంట్లో ఇంజనీరును పెట్టుకుని ఇంకొకరి దగ్గరికి ఎందుకూ" అంటూ, బాల్కనీలో బల్ల వేసి, పాత తువ్వాళ్ళు చుట్టి రైఫిల్‌ను కదలకుండా దానికి బిగించారు. దాని వీపు మీద రసమట్టం పెట్టి, బుడగ సరిగ్గా నడిమికి వచ్చేదాకా సర్దారు. స్కోపును రింగుల్లో వదులుగా కూర్చోబెట్టి, అందులోంచి ఒంటికన్నుతో హాలు దాటి చూశారు. ఎదురుగా పడకగది ద్వారబంధం. స్కోపు లోపలి నిలువు గీత ఆ ద్వారబంధం అంచుతో కలిసేదాకా మెల్లగా తిప్పి, మరలు ఇటొకటి అటొకటి కొంచెం కొంచెంగా బిగించారు. ఆ శ్రద్ధ చూస్తే నాకు ముచ్చటేసింది.

రసజ్ఞ రైఫిల్ భుజానికి ఆనించగానే, "నాన్నా, గీత వాలినట్టుంది" అంది.

"గీత కాదు, నీ చెయ్యి వాలుతోంది. గీత నిటారుగా కనపడేలా పట్టుకో."

"నాన్న కంటే నీకు ఎక్కువ తెలుసా?" అని పక్కనుంచి నేనూ వంత పాడాను. ఎవరూ అడగకుండా అన్న మాట అది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

మొదటి ఆదివారం దగ్గరి రేకులన్నీ పడ్డాయి. దూరానివి మాత్రం పడలేదు, ప్రతి గుండూ కుడి అంచును రాసుకుంటూ పోయింది. రెండో ఆదివారమూ అంతే. రసజ్ఞ ఆరో స్థానంలో ఉంది. వచ్చేటప్పుడు కారులో ఈయన ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కింది మొదలు మా గేటు దాకా క్లాసు పీకుతూనే ఉన్నారు. అది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను ఒక్కసారీ అడ్డుపడలేదు.

మూడో పోటీకి ముందురోజు, శనివారం పొద్దున, పోచయ్య మేస్త్రీని పిలిపించాం. పడకగది తలుపు నేలకు రాసుకుంటోంది. ఈ టవరు కట్టిన మేస్త్రీల్లో అతనొకడు, ఇప్పుడు ఇక్కడే చిన్నాచితకా మరమ్మతులు చేస్తుంటాడు. తలుపును ముట్టుకోకముందే, దారానికి కట్టిన ఇనుప గుండును ద్వారబంధం పైనుంచి వేలాడదీశాడు. పైన దారం చెక్కను ఆనుకునే ఉంది. కింద రెండు వేళ్ళ ఎడం వచ్చింది.

"తలుపుది తప్పు లేదు సార్, దర్వాజనే వంగి ఉన్నది" అన్నాడు పోచయ్య ద్వారబంధాన్ని తట్టి చూపిస్తూ. "గప్పుడే చెప్పిన గద. తీసి మల్ల నిలవెడ్త అంటే, టైం లేదు, ప్లాస్టర్ల కలిసిపోతది అన్నరు. గుండు గూడ ఎయ్యకుండ సంతకం పెట్టిన్రు. యాదికున్నదా?"

దెప్పుతున్నట్టు లేదు, ఉన్న సంగతి చెబుతున్నట్టే అన్నాడు. ఈయన ద్వారబంధాన్ని చూశారు, తర్వాత హాల్లో నిలబడి ఉన్న రసజ్ఞను చూశారు. నాకు అర్థం కావడానికి ఇంకో క్షణం పట్టింది. ఆ వంకర గుమ్మాన్ని చూసే కదా స్కోపు బిగించింది! దగ్గర్లో తెలియని ఆ వంకరే, దూరం పెరిగేకొద్దీ గుండును పక్కకు లాగింది.

"ఫికర్ చెయ్యకున్రి సార్, తలుపు అడుగున జర చెక్కుత, సాఫ్‌గ పడ్తది" అన్నాడు పోచయ్య. తలుపు గోల ఎవరికి పట్టింది?

ఈయన పోచయ్య గుండునే అడిగి తీసుకుని ద్వారబంధానికి ఎడంగా కట్టి, రైఫిల్‌ను మళ్ళీ బల్ల మీద బిగించి, మరలు విప్పి, ఈసారి దారాన్ని చూసి గీత సరిచేశారు. రైఫిల్ రసజ్ఞకిచ్చారు. అది భుజానికి ఆనించి చూసి దించేసింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ దించింది.

"ఇప్పుడు నాకే వంకర వచ్చేస్తోంది నాన్నా. నువ్వు చెప్పావని రోజూ గంటసేపు రైఫిల్ ఎత్తి నిలబడి, గీత నిటారుగా కనపడేదాకా భుజం వంచడం అలవాటు చేసుకున్నా. రేపటికల్లా ఎలా పోతుంది?"

ఈయన సురేష్ గారికి ఫోన్ చేసి, కూతురు వినాలని కాబోలు, స్పీకరు పెట్టారు. "తప్పు అమ్మాయిది కాదండీ. స్కోపు వంకరగా బిగించింది నేను" అన్నారు. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆయన నోట తప్పు నాది అన్న మాట వినడం అదే మొదలు.

అవతలి నుంచి సురేష్ గారి గొంతు ఆశ్చర్యంగా వినిపించింది. "అదేంటి శ్యామ్ గారూ! మొదటి వారమే స్కోపు ఒకసారి చూస్తానంటే మీరేగా వద్దన్నారు. స్కోపు బాగానే ఉంది, పిల్లకే శ్రద్ధ లేదు అన్నారు. నేను మార్కుల పక్కన అదే రాసుకున్నాను."

రసజ్ఞ రైఫిల్‌ను బల్ల మీద పెట్టింది.

"శ్రద్ధ లేదన్నావా నాన్నా?"