సున్నం వెయ్యకముందే

చీపురుపల్లిలో పసిబిడ్డ ఊరికే ఏడుస్తోందంటే సుభద్రమ్మకు కబురెళుతుంది. కుడిచేతి వేళ్ళు పసుపు పట్టి, ఎడమ బొటనవేలు సున్నానికి పగిలి, ఆమె చేతులు చూస్తేనే పని తెలిసిపోతుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపు కలుపుతుంది. బొడ్లోంచి సున్నపుకాయ తీసి చిటికెడు వేస్తుంది. నీళ్ళు నెత్తురులా ఎర్రబడతాయి. వాటిని బిడ్డకు దిగదుడిచి, ఎవరితోనూ మాట్లాడకుండా వీధిలో పారబోసి వస్తుంది.

బిందు కూతురికి ఒళ్ళంతా కందిపోయింది, స్నానమంటేనే గుక్కపెడుతోంది. పక్కింటి ఝాన్సీకి పిల్లల్లేరు. ఆమె దిష్టే తగిలిందని బిందు ఆమెను గడప తొక్కనివ్వడం మానేసింది. ఆ సాయంత్రం సుభద్రమ్మ పళ్ళెంలో పసుపు కలిపింది. సున్నపుకాయ ఇంకా బొడ్లోనే ఉంది. నీళ్ళు వాటంతటవే ఎర్రబడ్డాయి.

బిందు గోడకు ఆనుకుపోయింది. "సూసావా అత్తా, ఎంత పాడు దిష్టో."

ఇన్నేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదు. సుభద్రమ్మ ఆ నీళ్ళను వేళ్ళ మధ్య రుద్ది చూసింది. సున్నపు నీళ్ళలాగే జారుతున్నాయి.

"ఈ నీలెక్కడివే?"

"కొత్తగా కట్టించిన సిమెంటు తొట్టిలోవి. పాపకీ అయ్యే పోస్తన్నాం."

"అయితే దిష్టి కాదే. సిమెంటులో సున్నం నీటిలోకి దిగుతున్నాది. ఇంక అయి బిడ్డకి పొయ్యకు." పళ్ళెంలో నిమ్మకాయ పిండి చూపించింది. ఎరుపు విరిగి మళ్ళీ పసుపొచ్చింది.

బిందు పాపను గుండెకు హత్తుకుని మెల్లగా అడిగింది: "మరి ఆ తొట్టికి ఎవుల దిష్టి తగిలింది అత్తా?"

గోడవతల అంట్లు తోముతున్న ఝాన్సీ గాజుల చప్పుడు ఆగిపోయింది.